నన్ను ఒక్క మాటా అనని సార్

సార్ పోయారని పెద్దమండ్యం అన్న ఫోన్ చేసినప్పుడు నేను కుప్పంలో, మా కాలేజీలో, పాఠం మధ్యలో ఉన్నాను. బోర్డు మీద సమీకరణం సగంలో ఆగింది. "పొద్దున్నే పోయినారమ్మా, పుంగనూరులో, ఇంట్లోనే. కాఫీ తాగి కుర్చీలో కూచున్నాయన కూచున్నట్టే," అన్నాడు. అయ్యో అనాల్సిన చోట నా నోట్లోంచి వచ్చిన మాట వేరు. "నాకు జవాబు చెప్పకుండానే పోయినారా అన్నా?" అన్నాను.

సార్ అంటే నా పీహెచ్‌డీ గైడు. అంగళ్లులోని ఇంజనీరింగ్ కాలేజీలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పారు. ఆదివారాలు సొంత ఊరు పుంగనూరుకు పోయేవారు, రిటైరయ్యాక అక్కడే ఉండిపోయారు. ఊరి పేరుతోనే మేం పిలుచుకునే పెద్దమండ్యం అన్న నాకంటే ముందు ఆయన దగ్గర చేరిన శిష్యుడు, ఇప్పుడు మదనపల్లెలో ఇంకో కాలేజీలో పనిచేస్తున్నాడు. మేమిద్దరం, ఇంకొందరు, ఒకే గదిలో ఒకే ఫ్యాను కింద కూర్చుని పరిశోధన చేశాం. సార్ గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమని పాత విద్యార్థులు నన్ను అడిగారు. రాస్తాను. మంచి మాటలకు నా దగ్గర కొరత లేదు. కానీ కోపం కూడా ఉంది. దాన్ని దాచి రాస్తే అది దండ వేసిన ఫోటో గురించి రాసినట్టుంటుంది తప్ప, నాకు తెలిసిన మనిషి గురించి రాసినట్టుండదు.

మేం చేసే పని ఏమిటో ముందు చెప్పాలి. చెప్పకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు.

కుప్పం పక్కన గ్రానైటు బండల మధ్య నల్లటి పలకరాయి పట్టీ ఒకటి నేలలోకి నిలువుగా దిగి ఉంటుంది. మనిషన్నవాడు పుట్టకముందు ఎప్పుడో, రెండు వైపుల నుంచీ గ్రానైటు దాన్ని నొక్కింది. అంత లోతులో, అంత వేడిలో రాయి కూడా మెల్లగా సాగుతుంది. తట్టుకోలేని చోట ఒక గీతలా తెగి జారుతుంది. ఆ తెగడం పట్టీకి పడమటి అంచున మొదలైందా, తూర్పు అంచునా అన్నదే నా పరిశోధన. లక్షల ఏళ్ళు జరిగినదాన్ని కంప్యూటర్లో మళ్ళీ నడిపి చూడాలి.

కంప్యూటర్ దీనికి ఒక్క దెబ్బతో జవాబు చెప్పలేదు. రాయి ఎటు, ఎంత వేగంగా కదిలిందో ముందు ఒక ఊహ వేస్తుంది. ఆ ఊహతో బలాల లెక్క ఎంత తప్పుతోందో చూసి, కాస్త సవరించి, మళ్ళీ చూస్తుంది. తేడా తగ్గుతూ పోతుంది కానీ పూర్తిగా సున్నా కాదు. ఎంత తేడా మిగిలితే ఇక ఆపవచ్చో మనం ముందే చెప్పాలి. దాన్నే టాలరెన్స్ అంటాం. వదులుగా పెడితే తొందరగా ఆగి, రంగుల బొమ్మ చేతికిస్తుంది. బొమ్మ బాగానే ఉంటుంది, నిజమో కాదో మాత్రం బొమ్మను చూసి చెప్పలేం. బిగించి పెడితే వారాల తరబడి నడుస్తుంది, ఒక్కోసారి ఎక్కడో ఇరుక్కుని కదలనే కదలదు. ఎవరి రాళ్ళకు ఎంత బిగించాలో పుస్తకంలో రాసి ఉండదు. పక్కన కూర్చోబెట్టుకుని ఎవరో ఒకరు నేర్పాలి. మాకు సార్ నేర్పారు, ఆయన కంటే బాగా నేర్పినవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు.

ఎవరైనా బొమ్మ తెచ్చి చూపిస్తే దాని వంక కూడా చూసేవారు కాదు. "ఇంకో సున్నా పెట్టినావా?" అనేవారు. అంటే పాయింటు తర్వాత ఇంకో సున్నా చేర్చి, టాలరెన్స్‌ను పదింతలు బిగించి మళ్ళీ నడిపావా అని. రెండు బొమ్మలనూ పలుచటి కాగితం మీద ప్రింటు తీసి ఇవ్వాలి. ఆయన రెండిటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి, లాబ్ తూర్పు కిటికీ అద్దానికి ఆనించి పట్టుకునేవారు. వెనకనుంచి ఎండ పడి రెండు కాగితాల గీతలూ ఒకేసారి కనబడేవి. గీత మీద గీత కూర్చుంటే "కుదిరింది" అనేవారు. వెంట్రుకవాసి తేడా కనిపించినా కాగితాలు మన చేతిలో పెట్టి, "పో, పొయ్యి నడుపుకో" అనేవారు. ఇదంతా ఎందుకు సార్, స్క్రీను మీదే చూపిస్తాం కదా అంటే వినేవారు కాదు. "స్క్రీను నువ్వు సెప్పినట్టు ఇంటాది. ఎండ ఇనదు," అనేవారు. మబ్బు పట్టిన రోజుల్లో మా బొమ్మలు ఎండ కోసం బల్ల మీద కాచుకుని ఉండేవి.

'దాదాపు' అనే మాట ఆయన గదిలో ఎవరూ అనకూడదు. "దాదాపు కుదిరింది సార్" అని పొరపాటున అన్నవాడు ఆ సాయంత్రం దాకా బయట వరండాలో తిరగాల్సిందే.

టాలరెన్స్ పెట్టడానికి రెండు దారులున్నాయి. మొదట్లో ఉన్న తేడా వెయ్యో వంతుకు తగ్గితే చాలు, ఆపెయ్ అనడం ఒకటి. మొదట ఎంత ఉంటే నాకేం, చివరికి ఇంతకు మించి మిగలకూడదు అనడం రెండోది. మొదటిది సులువు, చాలామంది అదే పెట్టుకుంటారు. దానితో వచ్చే చిక్కేమిటో సార్ మాకు తరగతిలో చెప్పలేదు. ఒక ఆదివారం పుంగనూరులో వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు చెప్పారు. సార్ భార్య వసారాలో చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. సార్ ఆ చేట తీసుకొచ్చి మా మధ్యలో పెట్టారు.

"సూడండప్పా. ఈ బియ్యంలో మొదట గుప్పెడు రాళ్ళుండాయనుకో. నువ్వు కూచోని ముక్కాలు భాగం ఏరేసినావు. శానా పని సేసినావు, కాదన్ల్యా. వండితే ఏమైతాది?"

"పన్ను ఇరుగుతాది సార్," అన్నాడు పెద్దమండ్యం అన్న.

"అంతే కదప్పా. మొదట ఎన్నుండాయి, నువ్వెన్ని ఏరినావు, ఆ కత నోటికి అక్కర్ల్యా. నోట్లోకి ఎన్నొస్తాయో అది సూడు."

సార్ భార్య వచ్చి చేట లాక్కుని, "పాఠాలు ఆపి పిల్లోళ్ళను తిననీండి," అన్నారు. అందరం నవ్వుకుంటూ లేచాం. ఆయన చెప్పిన వాటన్నిటిలో నేను మనసారా నమ్మింది ఆ చేట ముందు చెప్పిన మాటనే.

ఎందుకు నమ్మానంటే, నేను చాలా వెనకనుంచి వచ్చినదాన్ని. మా అమ్మానాన్న కుప్పం దగ్గర గ్రానైటు క్వారీలో రాళ్ళు కొట్టినవాళ్ళు. మేం క్వారీ పక్కన రేకుల కొట్టంలో పెరిగాం. నేను ఎక్కడికి వెళ్ళినా "అక్కడినుంచి ఇంతదాకా వచ్చావే" అని మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు ఒంటికి పట్టేది కాదు. ఎక్కడ మొదలైందో అక్కర్లేదు, చివరికి ఏం తేలిందో అదే చూడు అన్న మాట విన్నప్పుడు, నాకు సరిపోయిన గురువు దొరికాడని అనుకున్నాను. ఆ మాట నా కోసమే అన్నారనిపించింది.

మిగతావాళ్ళకు సార్ అంటే హడల్. పెద్దమండ్యం అన్నను "ఏరా దున్నపోతా" అని పిలవకుండా రోజు గడిచేది కాదు. అన్నవాళ్ళది భూములున్న ఇల్లు, బాగా చదువుకున్నవాళ్ళు. అయినా కాగితాలు మొహాన కొట్టినంత పని చేసేవారు. మదనపల్లె డాక్టరుగారి అమ్మాయి ఒకామె మాతో ఉండేది. ఆమె బొమ్మను పట్టుకుని "ఇదేం బొమ్మ, బట్టల కొట్లో చీర అంచా?" అన్నారు. ఆమె క్యాంటీన్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. కాబట్టి నేను ఆడపిల్లనని ఊరుకున్నారని అనుకోవడానికి లేదు. నన్ను మాత్రం "అమ్మా" అనే పిలిచేవారు. తప్పుంటే మెల్లగా చూపించి, "పర్వాల్యా, సరిజేసుకో" అనేవారు. అది నా మీద గౌరవమనుకున్నాను. పని బాగుందేమో, అందుకే తిట్టడం లేదేమో అని కూడా లోలోపల పొంగిపోయాను.

నా పరిశోధన చివరికొచ్చేసరికి నాన్నకు ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయి. క్వారీ దుమ్ము తాగినవాళ్ళకు వచ్చేదే. నేను మదనపల్లెలో బస్సెక్కి, పలమనేరులో దిగి, ఇంకో బస్సెక్కి కుప్పం చేరుతూ, మళ్ళీ వెనక్కి వస్తూ, రెండు చోట్లా సగం సగం ఉన్నాను. ఒకరోజు సార్ తనంతట తానే బస్సులో మా ఇంటికొచ్చారు. టమాటా బండ్లకు దారి దొరక్క అంగళ్లు దాటేసరికే పొద్దెక్కిందని విసుక్కుంటూ వచ్చి, మంచం పక్కన చాప మీద కూర్చున్నారు. నాన్న లేవబోతే భుజం పట్టుకుని పడుకోబెట్టారు. అమ్మ పెట్టిన సంగటి తిని ఇంకో ముద్ద అడిగి వేయించుకున్నారు. మా ఇంట్లో అంత పెద్ద చదువు చదివినాయన చాప మీద కూర్చుని తినడం అదే మొదలు. నాన్న అడిగింది ఒక్కటే మాట.

"మా పాప పని అయితాదా సార్? నేనుండంగానే?"

సార్ కొట్టమంతా ఒకసారి చూశారు. రేకులు, దండెం, మూలన అమ్మ ఇంకా దాచుకున్న సుత్తి. "అయితాదిలేప్పా," అన్నారు. ఆ రోజు నేను ఆయన కాళ్ళకు మొక్కాను. మొక్కినందుకు ఇప్పటికీ బాధ లేదు. కానీ నన్ను వేరే తూకంలో వేసింది ఆ కొట్టంలోనే, ఆ చాప మీదనే అని ఇప్పుడు నాకు తెలుసు.

అప్పటికి నా లెక్క ఇరుక్కుపోయి ఉంది. సార్ చెప్పిన టాలరెన్స్ దగ్గర అది కుదరడం లేదు. గీత ఒకసారి పడమరకు, ఒకసారి తూర్పుకు జరుగుతోంది. "నువ్వు మీ నాయన దగ్గరుండు, నేను నడిపిస్తా," అన్నారు సార్. కొన్ని వారాలకు ఫోన్ చేశారు. "కుదిరిందమ్మా. పడమటి అంచు. ఇంకో సున్నా పెట్టి నడిపినా, కిటికీకి పెట్టి నా కండ్లతో సూసినా. గీత మీద గీత కూచునింది. ఇంగ రాసెయ్."

రాసేశాను. నాన్న ఉండగానే నాకు డాక్టరేట్ వచ్చింది. క్వారీ వాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. ఆ తరువాత కొన్నాళ్ళకే నాన్న పోయాడు, ఆ సంతోషంతోనే పోయాడు. సార్ నాకు ఇచ్చినదాంట్లో అది ఎంత పెద్దదో నాకు తెలుసు. ఇది రాసేటప్పుడు నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది అదే.

కుప్పంలో ఉద్యోగం వచ్చాక, నా దగ్గర చేరిన పిల్లలకు టాలరెన్స్ గురించి చెప్పడానికి నా లెక్కనే తీశాను. మీ మేడమ్ ఎలా చేసిందో చూడండి అని గొప్పగా మొదలుపెట్టాను. ఇప్పటి యంత్రాలు అప్పటికంటే వేగం. సార్ పద్ధతిలోనే బిగించి నడిపితే గీత తూర్పు అంచున వచ్చింది. ఏదో తప్పు పెట్టాననుకుని మళ్ళీ నడిపాను. ఇంకా బిగించాను. తూర్పే. చివరికి వదులు చేసి చూశాను. బాగా వదులు చేశాక, సార్ ఏ శిష్యుడికీ ఒప్పుకోనంత వదులు చేశాక, నా థీసిస్‌లోని బొమ్మ ఉన్నదున్నట్టు పడమటి అంచున వచ్చి కూర్చుంది. పిల్లలు నా మొహం చూస్తున్నారు. "మేడమ్, ఇదే కదా మీ బొమ్మ?" అని ఒకామె సంతోషంగా అడిగింది.

ఆ శనివారమే పుంగనూరు వెళ్ళాను. సార్ బాగా చిక్కిపోయి ఉన్నారు. నేను కాగితాలు చేతికిస్తే చూడకుండానే ఒళ్ళో పెట్టుకున్నారు.

"పడమర కాదు సార్. తూర్పు," అన్నాను.

"పడమర నిలబడదని తెలుసు."

"ఎప్పటినుంచి?"

"అప్పటినుంచే."

"యాల సార్?" అన్నాను.

"మీ నాయన నిన్ను డాక్టరుగా సూడాలని. ఇంకా నడిపితే ఎన్ని నెలలయ్యేదో, అందాకా ఆయప్ప ఉండేవాడా?" ఒళ్ళోని కాగితాలు సర్దుకున్నారు. "అదొక్కటే కాదులేమ్మా. నువ్వు యాడ మొదలుపెట్టినావో నేను కండ్లారా సూసినా. ఆ కొట్టంలోంచి ఈడిదాకా వచ్చినావు. అంత దూరం వచ్చిన బిడ్డకు ఇది చాల్లే అనుకున్నా."

"అదే లెక్క పెద్దమండ్యం అన్నదైతే?"

"వానికి యాల చాలుతాది?" అన్నారు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

నేను లేచి నిలబడ్డాను. "ఈ వసారాలోనే కదా సార్, చేట ముందు పెట్టి చెప్పినారు. ఎన్ని ఏరినావన్న కత నోటికి అక్కర్లేదన్నారు."

"అది లెక్కలకమ్మా. మనుషులకు కాదు."

"నాదీ లెక్కే కదా సార్!" అని అరిచాను. లోపలినుంచి సార్ భార్య కాఫీ గ్లాసులతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. సార్ తల తిప్పి వీధివైపు చూశారు. నేను కాఫీ తాగకుండా వచ్చేశాను.

నన్ను మోసం చేశారు. మెత్తటి మాట కోసం చాలా వెతికాను, దొరకలేదు. శత్రువు చేసిన మోసమైతే తిట్టుకుని మరిచిపోవచ్చు. ఈయన నా మంచి కోరి చేశారు, నన్ను తక్కువ చేసి చేశారు, రెండూ ఒకేసారి చేశారు. ఆ రోజునుంచి నాకు వచ్చిన ప్రతి మెప్పునూ తిప్పి తిప్పి చూసుకోవడం మొదలైంది. ఉద్యోగం ఇచ్చినవాళ్ళు నా పని చూసి ఇచ్చారా, నా కొట్టం కథ విని ఇచ్చారా? థీసిస్ బాగుందన్న పరీక్షకుడు చదివి అన్నాడా? అబద్ధమని తెలిసిన బొమ్మ కింద నా పేరు ఉంది. అందరినీ ఏడిపించిన మనిషి నన్నొక్కదాన్ని ఏడిపించలేదంటే, ఆయన లెక్కలో నేను ఏడిపించి తీర్చిదిద్దాల్సినంత మనిషిని కాననే కదా.

మళ్ళీ మొదలుపెట్టాను. అంతా కొత్తగా నడిపాను. చాలాకాలం పట్టింది. తూర్పు అంచు అని తేలాక, నా థీసిస్ ఫలితం తప్పని ఒప్పుకుంటూ, కొత్త ఫలితాన్ని చూపిస్తూ ఒక పేపరు రాశాను. అచ్చుకు పంపే ముందు సార్‌కే పంపాను. ఆయనకు కాకుండా ఇంకెవరికి పంపినా నాకు నమ్మకం కుదరదు. కోపం కోపమే, ఆయన కన్ను ఆయన కన్నే. ఫోన్ చేసి, "సార్, ఈసారి నన్ను అన్నలాగా చూడండి. తప్పుంటే తిట్టండి. నాకు కావలసింది ఇంకేం లేదు," అన్నాను. "సూస్తాలేమ్మా," అన్నారు. గొంతు నీరసంగా ఉంది. తరువాత ఆస్పత్రి అన్నారు, ఇంటికి తెచ్చారన్నారు. నేను ఒత్తిడి చేయలేదు. జవాబు కోసం చూస్తూ ఉండగా పెద్దమండ్యం అన్న ఫోన్ వచ్చింది.

ఉత్తరక్రియల రోజు పుంగనూరు వెళ్ళాను. ఇంటి ముందు షామియానా వేశారు. ఏడవాల్సిన ఏడుపులు అప్పటికే అయిపోయాయి. పాత విద్యార్థులంతా కుర్చీలు దగ్గరికి లాక్కుని, సార్ తమను ఏమేమి తిట్టారో చెప్పుకుంటున్నారు. రామసముద్రం నుంచి వచ్చినాయన తన ల్యాప్‌టాప్ మూసేసి బయటికి పొమ్మన్న సంగతి చెప్పాడు. మదనపల్లె డాక్టరుగారి అమ్మాయి చీర అంచు కథ చెప్పింది, చెబుతూ నవ్వింది, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "ఆయన దున్నపోతా అనకుంటే ఆ రోజు అన్నం అరగదు నాకు," అన్నాడు పెద్దమండ్యం అన్న. ఒకరి తిట్టును ఇంకొకరు మించిపోతున్నారు. పోటీపడి నగలు చూపించుకుంటున్నట్టుంది. నాకు ఒళ్ళు మండేంత అసూయ కలిగింది.

"నువ్వు చెప్పు, నిన్నేమన్నారు?" అని ఎవరో నన్ను అడిగారు.

నేను నోరు తెరిచేలోపే సార్ భార్య వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "ఈ బిడ్డను ఏమంటాడు? సొంత కూతురి మాదిరి సూసుకున్నాడు. ఒక్క మాటన్నా అన్ల్యా ఎప్పుడూ," అన్నారు. అంతే, నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, "ఏడవద్దమ్మా, నువ్వంటే ఆయనకు ఎంత ప్రేమో," అని వీపు నిమిరారు. ఆమె నిమిరేకొద్దీ నా ఏడుపు ఎక్కువైంది. అందరూ నా గురుభక్తి చూసి తలలు వంచుకున్నారు.

కాసేపటికి పెద్దమండ్యం అన్న నన్ను పక్కకు, కాంపౌండు గోడ దగ్గరికి పిలిచాడు.

"అమ్మా, నీ పేపరు సార్ నాకు పంపినారు. ఆయనకు సూసే ఓపిక ల్యాకపోయ. ఆస్పత్రి నుంచి వచ్చినాక ఫోన్ చేసినారు."

"ఏమన్నారు?"

అన్న నేలచూపులు చూశాడు. "ఎందుకులేమ్మా ఇప్పుడు."

"చెప్పన్నా."

"'ఆ పాప శానా కష్టపడిందిరా. నువ్వు పైపైన సూసి బాగుండాదని సెప్పెయ్. ఇంగ దాన్ని ఇబ్బంది పెట్టొద్దు' అన్నారు."

షామియానా కింద ఎవరో మళ్ళీ నవ్వారు. అంత బతిమాలి అడిగాక కూడా, పోయే ముందు కూడా, ఆయన నన్ను ఆ కొట్టం పక్కనే నిలబెట్టి చూశారు.

"నువ్వు చూసినావా?" అన్నాను.

"సూడలా. బాగుండాదని సెప్పాలనే అనుకున్నా."

"ఇప్పుడు సూడు."

"ఈడనా? ఈ పొద్దా? సార్ అంత సెప్పినాక..."

"సార్ నీకు చెప్పింది నేను ఒప్పుకోలేదు కదన్నా. ఆయన నీ పేపరు ఎట్లా సూసేవారో అట్లా నాది సూడు. చేతకాదంటే చెప్పు, ఇంకొకర్ని అడుక్కుంటా."

అన్న నా మొహం చూసి, ఇంకేమీ అనకుండా కారు దగ్గరికి పోయి ల్యాప్‌టాప్ తెచ్చాడు. అరుగు మీద కూర్చుని తెరిచాడు. మొదటి పేజీలు మర్యాదకు చూశాడు. "బాగుండాది... ఇదీ బాగుండాది," అంటూ వేలితో పైకి తోస్తున్నాడు. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను. ఒక పటం దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్ళాడు, ముందుకొచ్చాడు. నేనున్న సంగతే మరిచిపోయాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఏమ్మే, టాలరెన్స్ బిగించింది దేనికి? వేగానికేనా?"

"అవును."

"మరి ఒత్తిడి?"

నేను వంగి స్క్రీను వంక చూశాను.

"ఒత్తిడిని అట్లే వదిలేసినావే! రాయి యాడ తెగాల్నో సెప్పేది ఒత్తిడే కదా? అది కుదరకుండా నీ తూర్పు యాడుంటాది, పడమర యాడుంటాది? ఇంత సదివి, ఇంతమందికి పాఠాలు సెప్తా, ఇది కూడా సూసుకోకుండా రాస్తావా? బుద్ధుందా నీకు? ఎవరికియ్యాలని రాసినావు దీన్ని?"

గొంతు పెరిగింది. షామియానా కిందివాళ్ళు మాటలు ఆపి ఇటు తిరిగారు. సార్ భార్య చేతిలో నీళ్ళ చెంబుతోనే గబగబా వచ్చారు. "ఏందప్పా ఇది, ఈ పొద్దు కూడానా? ఆ బిడ్డను అట్ల తిడతాండావే, పాపం!"

"తిట్టనీండమ్మా," అన్నాను.

లోపల ఆకులు వేసి అందరినీ పిలుస్తున్నారు. నేను కొంగుతో మొహం తుడుచుకుని, అరుగు మీద అన్న పక్కన కూర్చున్నాను. అన్న నా వంక చూడలేదు. స్క్రీను మీద వేలు పెట్టి, ఇంకా కోపంగానే, తరువాతి పేజీకి తోశాడు.